ఎడమ పక్క కుర్చీ

పియానో కచేరీలో పేజీలు తిప్పేవాళ్ళను ఎవరూ చూడరు. చూడకూడదు కూడా, అదే ఆ పనికి మర్యాద. వాయించే మనిషికి ఎడమ పక్కన, కాస్త వెనగ్గా, ఒక చిన్న కుర్చీ వేస్తారు. పేజీ చివరికొస్తుండగా చప్పుడు కాకుండా లేచి, ఎడమ చేత్తో కాగితం పై మూల పట్టుకుని నిలబడాలి. వాయించే మనిషి తల కొద్దిగా వంచగానే తిప్పేసి మళ్ళీ కూర్చోవాలి. మెరిసే బట్టలు కట్టకూడదు, కొంగు జారకూడదు, దగ్గకూడదు, పాటకు తల ఊపకూడదు. చివర్లో చప్పట్లు మోగితే, అవి మనకు కావని తెలుసుకుని నేల చూపులు చూడాలి. నేను ఘాజియాబాద్‌లో ఒక బడిలో పిల్లలకు సంగీతం చెబుతాను. ఇంట్లో పదేళ్ళకు పైగా అత్తగారితో కాపురం చేసినదాన్ని. నేల చూపులు నాకు కొత్తేం కాదు.

గాజుల దగ్గర మాత్రం పేచీ వచ్చింది.

ఆవిడ పక్కన మొదటిసారి కూర్చున్నప్పుడు పేజీ తిప్పబోతే నా చేతి గాజులు గలగలమన్నాయి. ఆవిడ టక్కున రెండు చేతులూ పైకెత్తేశారు.

"అమ్మాయ్, ఆ గలగలలు ఎవరు రాశారు? నా పుస్తకంలో లేవే," అన్నారు.

గాజులు తీసి బ్యాగులో వేసుకుని ఇంటికొచ్చాను. మా అత్తగారు తలుపు తీస్తూనే నా మణికట్టు చూసి గుండెలు బాదుకున్నంత పని చేశారు. "మొగుడు గుండ్రాయిలా ఉండగా బోడి చేతులేమిటే? ఆ దొరసానమ్మకేం, పెళ్ళా పెటాకులా! నువ్వు ముత్తయిదువ్వి కావూ?" అన్నారు. ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. చివరికి ఆదివారాలు మెట్రో ఎక్కాక గాజులు తీసి, మణికట్టుకు ఒక పసుపుదారం కట్టుకునే ఏర్పాటుకు అత్తగారు ఒప్పుకున్నారు. దారం చప్పుడు చెయ్యదు గనక ఆవిడా ఒప్పుకున్నారు.

ఆవిడ అంటున్నాను గానీ, ఆవిడ ప్రపంచమంతా చెవులు రిక్కించి విన్న పియానో విద్వాంసురాలు. పేరు చెప్పను. ఆవిడకు పేరంటే ఎంత ప్రాణమో, ఆ పేరును కాపాడుకోవడానికి చివర్లో ఎంత పెనుగులాడారో చూసినదాన్ని కాబట్టి చెప్పాలనిపించడం లేదు.

పుట్టింది గుంటూరు వైపు ఒక మిషన్ ఆసుపత్రి ఆవరణలో. తండ్రి అక్కడే కాంపౌండరు. పక్కనున్న చర్చిలో, కాళ్ళతో తిత్తులు తొక్కుతూ వాయించే పాత హార్మోనియం పెట్టె ఒకటి ఉండేదట. బల్ల మీద కూర్చుంటే చిన్నపిల్ల కాళ్ళు తొక్కుడు పలకలకు అందేవి కావు. అందుకని అక్క కింద చతికిలబడి చేతులతో పలకలు నొక్కుతుంటే చెల్లెలు పైన కూర్చుని వాయించేది. అక్కకు విసుగు పుట్టి లేచిపోతే గాలి ఆగిపోయి పాట మధ్యలోనే ఈలపెట్టి చచ్చిపోయేది. "మా అక్క అలకే నా మొదటి విమర్శకురాలు," అని నవ్వేవారు. ఆసుపత్రిలో ఉన్న ఒక తెల్లదొరసాని డాక్టరు ఈ పిల్ల వాయించడం విని, సంగీతం చదవడం నేర్పి మద్రాసు పంపింది. మద్రాసు నుంచి స్కాలర్‌షిప్పు మీద సముద్రం దాటారు.

అక్కడి మొదటి కచేరీలకు పట్టుచీర కట్టుకుని వెళితే పేపర్లు చీర గురించి రాసి రాసి, అడుగున వాయింపు గురించి ఒక ముక్క రాసేవట. దాంతో ఒళ్ళు మండి, అప్పట్నించి వేదిక మీద నల్ల నేత చీర తప్ప కట్టలేదు. చలికి వేళ్ళు పగిలి నెత్తురు వస్తుంటే ఆముదం రాసుకుని సాధన చేశారు. తర్వాత రికార్డులు, పెద్ద పెద్ద హాళ్ళు, మంచులో నిలబడి టికెట్ల కోసం కాచుకున్న జనం. ఆ సంగతులన్నీ నేను పత్రికల్లో చదివి తెలుసుకున్నవే. ఆవిణ్ణి అడిగితే, "వాయించాను, హోటల్లో పడుకున్నాను, రైలెక్కాను. ఇంకేముందమ్మా!" అనేవారు.

ఒక్కటి మాత్రం తనంతట తానే చెప్పారు. తల్లి పోయిన కబురు వచ్చిన రోజు ఆవిడకు కచేరీ ఉంది. ఏర్పాట్లు చూసే మనిషి కచేరీ అయ్యేదాకా ఆ సంగతి చెప్పలేదు.

"ఆ రోజు ఎలా వాయించారు మేడమ్?" అన్నాను.

"బాగా వాయించాను. చాలా బాగా. ఇప్పటికీ అదే మింగుడుపడదు," అన్నారు.

పెళ్ళి చేసుకోలేదు. చర్చిలో తిత్తులు నొక్కిన అక్క పోయాక, ఆ అక్క కూతురు ఆవిణ్ణి గురుగ్రామ్ తీసుకొచ్చి తన ఫ్లాట్ పక్క ఫ్లాట్‌లోనే పెట్టింది. ఆ పిల్ల, పిల్లేమిటి, నా ఈడుదే, ఒక కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తుంది. లిఫ్టులో పట్టక పియానోను క్రేన్ పెట్టి బాల్కనీలోంచి ఎక్కిస్తుంటే సొసైటీ జనమంతా కింద చేరి ఫోన్లలో వీడియోలు తీసుకున్నారట. ఢిల్లీ ఎండాకాలం పొడిగాలికి లోపలి చెక్క పగులుతుందని ఆ పియానో కింద స్టీలు గిన్నెలో ఎప్పుడూ నీళ్ళుండేవి. ఇంటిపని చూసే దీదీ రోజూ నీళ్ళు మార్చేది. ఆ గిన్నె చూసి నేను మొదట ఇంట్లో పిల్లి ఉందేమో అనుకున్నాను.

మొదట నన్ను పిలిపించింది నాకు పాఠం చెప్పడానికి కాదు. విదేశం నుంచి పాత స్నేహితుడొకాయన వయొలిన్ పట్టుకుని వచ్చాడు, ఇద్దరూ కలిసి ఢిల్లీలో వాయించాలి, పేజీలు తిప్పే మనిషి కావాలి, తెలుగు తెలిసిన మనిషైతే మరీ మంచిదని వాకబు చేస్తే నేను దొరికాను. ఆ కచేరీ అయిపోయినా నేను ఆదివారాలు వెళ్ళడం మానలేదు. వైశాలిలో మెట్రో ఎక్కి, రాజీవ్ చౌక్‌లో జనాన్ని తోసుకుని మారి, గురుగ్రామ్‌లో దిగేవరకు కిటికీ అద్దంలో నా ముఖం చూసుకుంటూ వేళ్ళతో బ్యాగు మీద సాధన చేసుకునేదాన్ని. అంత గొప్ప మనిషి దగ్గర నాకు పాఠం దొరికింది. ఆవిడకేమో తిట్టడానికి తెలుగులో ఒక మనిషి దొరికింది.

ఆవిడ నాకు చెప్పిన పాఠమంతా ఒకటే. వేలితో కొట్టకు, భుజం నుంచి బరువు వదులు. "పసిపిల్లను ఒళ్ళోంచి మంచం మీద పడుకోబెడతావు చూడు, అలా చెయ్యి కింద పెట్టాలి. నువ్వేమో తలుపు తడుతున్నావు. కొరియర్ వచ్చాడేమోనని దీదీ లేస్తోంది చూడు," అనేవారు. ఏళ్ళు గడిచినా నా వేలు తలుపు తడుతూనే ఉండేది. అందుకు నామీద నాకే కోపంగా ఉండేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. ఇద్దరు ముగ్గురు కలిసి వాయించేటప్పుడు ఎదురుగా పుస్తకం పెట్టుకోవడం ఆ సంగీతంలో తప్పు కాదు. ఒంటరిగా వాయించేటప్పుడు మాత్రం పుస్తకం ఉండకూడదు. అంతా మనసులోంచే రావాలి. మన కచేరీల్లో కీర్తన మరిచిపోయి ఫోన్ చూసి పాడే విద్వాంసుడి గురించి వెనక వరసలవాళ్ళు ఏమనుకుంటారో, అక్కడ పుస్తకం పెట్టుకున్న పియానో విద్వాంసుడి గురించి అంతకు పదింతలు అనుకుంటారు. ఆవిడ జీవితంలో ఒంటరిగా వేదికనెక్కి పుస్తకం తెరిచింది లేదు.

ఆవిడకు ప్రాణమైన సొనాటా, అంటే భాగాలు భాగాలుగా సాగే పెద్ద కృతి, ఒకటి ఉండేది. దాని చివరి భాగంలో ఒక పాట రెండుసార్లు వస్తుంది. రెండుసార్లూ ఒక్క స్వరం తేడా లేకుండా అదే పాట. మొదటిసారి అయ్యాక సంగీతం పైకి లేచి ఇంకో దారిన వెళ్ళి, తిరిగి అదే పాటకు వస్తుంది. రెండోసారి మాత్రం పియానో ఎడమ కొసన ఉండే మీటల్లో, ఎడమ చేత్తో వేసే లోతైన కింది స్వరం ఒకటి పడుతుంది. అది ముగింపుకు తలుపు. ఆ స్వరం వెయ్యకుండా రెండోసారి కూడా పైకి లేస్తే మళ్ళీ పాత దారే, మళ్ళీ అదే పాట.

"ఇది గోల్ చక్కర్ అమ్మాయ్," అని చెప్పారు నాకు. "ఇండియా గేట్ చుట్టుపక్కల ఆటోవాడు సందు మిస్సయి మళ్ళీ మళ్ళీ తిరుగుతాడు చూడు, అలాంటిది. ఎంతటివాళ్ళకైనా ఇక్కడ కాళ్ళు వణుకుతాయి. నాకు మాత్రం ఎప్పుడూ తప్పలేదు."

ఆ మాట చెప్పిన మరుసటి ఎండాకాలంలో ఒక ఆదివారం అక్కడే తప్పారు. పాట వచ్చింది, పైకి లేచింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పైకే లేచింది. నేను సోఫాలో కూర్చుని వింటున్నాను. కావాలనే చేస్తున్నారనుకున్నాను. మూడోసారి చేతులు ఆగిపోయాయి. కాసేపు మీటల వంక చూసి, "టీ పెట్టు," అన్నారు. నాతో ఎప్పుడూ టీ పెట్టించరు, దీదీ ఉంది. వంటింట్లో పాలు పొంగి స్టవ్వంతా అయ్యేదాకా నేను గోడ చూస్తూ నిలబడ్డాను.

తర్వాత డాక్టర్లు, స్కానింగులు. జబ్బుకు ఒక పేరు పెట్టారు. "బారసాల అయింది," అన్నారావిడ.

సరిగ్గా అప్పుడే ఢిల్లీలో ఒక సంస్థవాళ్ళు ఆవిణ్ణి సన్మానిస్తాం, ఒక్క కచేరీ చెయ్యండి అని అడిగారు. ఈ దేశంలో ఆవిడ ఒంటరిగా వాయించి చాలా ఏళ్ళయింది. ఒప్పుకున్నారు. అక్క కూతురు నన్ను వంటింట్లోకి లాగి తలుపు మూసింది.

"ప్లీజ్, మీరైనా చెప్పండి. పిన్ని మీ మాట వింటుంది. అందరి ముందూ మర్చిపోతే? ఎవడో వీడియో తీసి పెడతాడు. అన్నేళ్ళ పేరు ఒక్క క్లిప్‌తో పోతుంది. అచ్ఛా భలా నామ్ హై, ఉన్న మంచి పేరు ఎందుకు పాడుచేసుకోవడం?"

ఆ పిల్ల అన్నదాంట్లో తప్పు లేదు. నాకూ అదే భయం. బయటికొచ్చి, "మేడమ్, ఈ చలిలో ఎందుకండీ, వేసవిలో చూద్దాం," అని నసిగాను.

ఆవిడ పియానో మూత తుడుస్తున్నారు. తల ఎత్తలేదు. "ఏనుగు బతికున్నా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. మీరిద్దరూ కలిసి ఇప్పుడే నన్ను చంపి వెయ్యి లెక్కబెట్టుకుందామని చూస్తున్నారు. వేసవికి నేను ఉంటాను. ఈ పాట ఉంటుందా?"

అక్క కూతురు వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"మా అమ్మ పోయిన రోజే వాయించినదాన్ని," అన్నారు నాతో. "నేను పోతున్న రోజుల్లో వాయించలేనా? ఒక్కసారి చివరిదాకా వెళ్ళాలి. చివరి స్వరం వేసి లేవాలి. మధ్యలో చేతులాగిపోయి, ఎవరో వచ్చి రెక్క పట్టుకుని తీసుకుపోతే, నేను వాయించినవన్నీ ఆ ఒక్క రోజుతో తుడిచిపెట్టుకుపోతాయి. అది జరగకుండా చూడు. అంతకన్నా నిన్నేం అడగను."

అడిగినదాంతో నాకు కుడితిలో పడ్డ ఎలుకలా ఊపిరాడలేదు.

ఉపాయం ఆవిడే చెప్పారు. జన్మలో మొదటిసారి ఒంటరిగా వాయిస్తూ ఎదురుగా పుస్తకం పెట్టుకుంటారు. పక్కన నేను. మనసు మబ్బు పట్టినప్పుడు కాగితం చూసే ధ్యాస కూడా ఉండదని ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. పుస్తకం జనం కోసం. "గోల్ చక్కర్ దగ్గర తప్పితే నువ్వు కంగారుపడకు. లేచి, నిదానంగా పేజీలు వెనక్కి తిప్పు. పేజీ తిప్పే మనిషి వెనక్కి తిప్పిందంటే అది రాసి ఉన్నట్టే లెక్క. నేను మళ్ళీ చుట్టు తిరిగి వచ్చేలోపు గుర్తు తెచ్చుకుంటాను," అన్నారు. ఇంట్లో అలాగే సాధన చేశాం. తప్పినప్పుడల్లా ఆవిడకు తెలిసేది, కనుబొమ ముడిపడేది. ఒక చుట్టు తిరిగాక ఎడమ చెయ్యి వెతుక్కుంటూ వెళ్ళి ఆ కింది స్వరం మీద పడేది. నేను పేజీ ముందుకు తిప్పేదాన్ని.

కచేరీ రోజు పొగమంచుకు కళ్ళు మండుతున్నాయి. హాల్లో సగం మంది దగ్గుతున్నారు. ముందు వరసల్లో ఎంబసీలవాళ్ళు, పెద్ద అధికారులు, సంగీతం చదువుకునే కుర్రకారు. వెనక వరసల్లో తెలుగువాళ్ళు చాలామంది వచ్చారు. మనావిడ అని వచ్చారు తప్ప వాళ్ళలో చాలామంది జన్మలో పియానో కచేరీ విననివాళ్ళు. అక్క కూతురు మొదటి వరసలో చేతులు నలుపుకుంటూ కూర్చుంది. నేను బూడిదరంగు చీర కట్టి, కొంగు బిగించి, మణికట్టుకు పసుపుదారంతో పుస్తకం పట్టుకుని ఆవిడ వెనక నడిచాను. స్టాండు మీద పుస్తకం పెట్టగానే ముందు వరసల్లో గుసగుస లేచింది.

"వినపడింది," అన్నారావిడ పెదవి కదలకుండా. "పుస్తకం తెరువు."

మొదలుపెట్టగానే దగ్గులు ఆగిపోయాయి. ఆవిడ వాయించడాన్ని వర్ణించే శక్తి నాకు లేదు. డెబ్భై దాటిన మనిషి, పొద్దున తన చెప్పులు ఎక్కడ విడిచిందో మరిచిపోయిన మనిషి, అక్కడ కూర్చుని ఒక్కో స్వరాన్నీ దాని చోట దాన్ని ఉంచుతూ వెళుతోంది. సమయానికి తల వంచుతున్నారు, నేను తిప్పుతున్నాను. పుస్తకం ఎందుకు పెట్టామా అని కూడా అనిపించింది.

చివరి భాగం వచ్చింది. పాట మొదటిసారి వచ్చి, లేచి వెళ్ళి, తిరిగి వచ్చింది. నేను నిలబడ్డాను. ఎడమ చెయ్యి కిందికి వెళ్ళాలి. వెళ్ళలేదు. పాట పైకి లేచింది.

నిదానంగా పేజీలు వెనక్కి తిప్పాను. హాల్లో ఎవరూ కదల్లేదు. ఒక చుట్టే కదా, అనుకున్నాం కదా, అని నాకు నేను చెప్పుకున్నాను. పాట మళ్ళీ వచ్చింది. మళ్ళీ పైకి లేచింది. మళ్ళీ తిప్పాను. ఈసారి నా వేళ్ళు చెమటకు కాగితానికి అంటుకున్నాయి. మూడో వరసలో ఒక కుర్రాడు పక్కనున్న పిల్లతో ఏదో అన్నాడు. అక్క కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు ఆవిడ ముఖం చూశాను. కనుబొమ ముడిపడలేదు. ముఖంలో ఎక్కడా కంగారు లేదు. అరుగు మీద కూర్చుని ఎవరితోనో కబుర్లు చెప్పుకుంటున్నట్టు హాయిగా ఉన్నారు. దారి తప్పానని ఆవిడకు తెలియదు. ఇక ఎన్ని చుట్లైనా తిరుగుతూనే ఉంటారు, గుర్తు తెచ్చుకునే మనిషి అక్కడ లేదు. 

పాట మళ్ళీ దగ్గర పడుతోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంకోసారి వెనక్కి తిప్పితే హాలంతటికీ తెలిసిపోతుంది. మాట్లాడకూడదు. ముట్టుకుంటే చేతులాగిపోతాయి. ఆగితే మళ్ళీ మొదలవ్వవు. ఎవరో వచ్చి రెక్క పట్టుకుని తీసుకుపోతారు. ఆవిడ నన్ను వద్దని వేడుకున్నది అదొక్కటే.

పేజీలు తిప్పే మనిషి చెయ్యకూడనివి ఎన్నో ఉన్నాయని చెప్పాను కదా, మీటల మీద చెయ్యి వెయ్యకూడదన్నది వాటిల్లో లేదు. అది ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. నా కుర్చీ ఎడమ పక్కన. పియానో కింది స్వరాల మీటలు నా మోకాళ్ళ ఎదురుగానే ఉన్నాయి. పాట చివరి స్వరం పడింది. నేను చెయ్యి చాచి ఆ కింది స్వరం నొక్కాను.

ఆవిడ కుడి చెయ్యి గాల్లో ఒక్క క్షణం తడబడింది. తర్వాత ఎడమ చెయ్యి వచ్చి, నా వేలి పక్కనే దిగి, ఆ స్వరాన్ని నా దగ్గర్నుంచి తీసుకుంది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ముగింపు తలుపు తెరుచుకుంది. ఆవిడ చివరిదాకా వెళ్ళారు. చివరి స్వరం వేసి, అది పూర్తిగా ఆరిపోయేదాకా చెయ్యి తియ్యకుండా కూర్చుని, లేచారు.

హాలంతా లేచి నిలబడింది. వెనక వరసల తెలుగువాళ్ళు ఈలలు కూడా వేశారు. నేను నేల చూస్తూ ఏడుపు ఆపుకున్నాను.

లోపలి గదిలో అక్క కూతురు ఆవిణ్ణి కావలించుకుని, "పిన్నీ, ఎంత బాగా వాయించావు," అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడ దాని వీపు నిమిరి, కాఫీ తెమ్మని పంపేశారు. తలుపు మూసుకున్నాక నా వైపు తిరిగారు.

"ఆ కింది స్వరం నాది కాదు," అన్నారు.

నేను పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"నా చెయ్యి అంత పలచగా పడదు. ఎన్నేళ్ళుగా చెబుతున్నాను, భుజం నుంచి బరువు వదలమని! కోడిపెట్ట నూకలు పొడిచినట్టు పొడిచావు."

అంతవరకు ఆపుకున్నది ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "క్షమించండి మేడమ్," అన్నాను.

"ఎన్ని చుట్లు తిరిగాను?"

"జనానికి తెలియలేదు మేడమ్."

"జనం సంగతి అడగలేదు," అని, కాసేపు తన చేతుల వంక చూసుకున్నారు. "నాకూ తెలియలేదు. అదే అసలు సంగతి." తర్వాత నా మణికట్టు పట్టుకుని పసుపుదారాన్ని బొటనవేలితో ఒకసారి సవరించారు. "చివరిదాకా తీసుకెళ్ళావు. చాలు. ఇంక ఎక్కడా వాయించను."

కాఫీ వచ్చింది. చల్లారిపోయిందని దాన్ని కూడా తిట్టారు.

మర్నాడు ఒక పేపరాయన, ఈ వయసులో కూడా ఆవిడ ఆ పాటను మళ్ళీ మళ్ళీ తిప్పి వాయించి కొత్త లోతులు చూపించారని రాశాడు. చదివి వినిపిస్తే ఆవిడ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. ఆవిడ అలా నవ్వగా చూడటం అదే చివరిసారి.

ఆ తర్వాత జబ్బు తన పని తాను చేసుకుపోయింది. ముందు వారాలు, తేదీలు పోయాయి, తర్వాత మనుషుల పేర్లు పోయాయి. అక్క కూతుర్ని నర్సు అనుకుంటారు. నన్ను ఒకసారి దీదీ అంటారు, ఒకసారి అక్కా అంటారు, చాలాసార్లు ఏమీ అనరు. పియానో కింద గిన్నెలో నీళ్ళు మాత్రం దీదీ ఇప్పటికీ రోజూ మారుస్తుంది.

నేను ఇప్పటికీ ఆదివారాలు వెళతాను. గాజులు తీయడం మానేశాను. మొదటిసారి గాజులతో ఆవిడ పక్కన కూర్చుని, కావాలనే చెయ్యి ఆడించి గలగలలాడించాను. ఆవిడ తల తిప్పలేదు. ఒక్కసారి తిడితే బాగుండునని ఎంత అనిపించిందో చెప్పలేను. మా అత్తగారు మాత్రం, "ఇప్పటికి బుద్ధొచ్చింది," అని సంతోషించారు.

ఆవిడ చేతుల్లో ఆ పాట ఒక్కటే మిగిలింది. పియానో ముందు కూర్చోబెడితే అదే మొదలుపెడతారు. వస్తుంది, పైకి లేస్తుంది, మళ్ళీ వస్తుంది. వాయిస్తున్నంతసేపూ ముఖం తేటగా ఉంటుంది. ఆగిపోతే మాత్రం లేచి గదంతా తిరుగుతూ, ఆసుపత్రి గంట కొట్టారా, నాన్న వచ్చాడా అని అడుగుతారు. అందుకని నేను పుస్తకం తెరిచి, ఎడమ పక్క కుర్చీలో కూర్చుని, ఆవిడ తిరిగినన్నిసార్లూ పేజీలు వెనక్కి తిప్పుతాను. "బస్ కరో, అమ్మాజీ థక్ జాయేంగీ," అంటుంది దీదీ. అలసిపోయారని నాకూ అనిపించినప్పుడు ఆ కింది స్వరం నొక్కుతాను. ఆవిడ ముగింపులోకి వెళ్ళి, పూర్తిచేసి, నిద్రలోకి జారుకుంటారు. ఒకప్పుడు ఆవిడ పరువు కోసం నొక్కిన స్వరాన్నే ఇప్పుడు పసిపిల్లను పడుకోబెట్టడానికి నొక్కుతున్నాను. ఎప్పుడు నొక్కాలో తేల్చుకోవడం ప్రతి ఆదివారం నాకు కష్టంగానే ఉంటుంది. నొక్కితే ఆవిడ నా పక్కనుంచి వెళ్ళిపోతారు.

మొన్న ఆదివారం నేనింకా తేల్చుకోలేదు. ఇంకో చుట్టు తిరగనిద్దామని పేజీ మూల పట్టుకుని లేచి నిలబడ్డాను. పాట చివరికి వచ్చింది. ఆవిడ పైకి లేవలేదు. కుడి చెయ్యి చివరి స్వరం మీదే ఉంచి, ఎడమ చెయ్యి మీటల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. తల తిప్పి నా వంక చూశారు. నన్ను ఎవరనుకున్నారో నాకు తెలియదు. చర్చిలో కింద చతికిలబడి తిత్తులు నొక్కిన అక్కననుకున్నారేమో.

"వెయ్యి," అన్నారు. "అది నీది."

పేజీ వదిలేసి కూర్చున్నాను. గాజులు గలగలమన్నాయి. భుజం వదిలి, చెయ్యి బరువంతా దించి వేశాను.

"ఊఁ," అన్నారావిడ. తర్వాత ముగింపు వాయించారు.